పగడపు రాళ్ళ గది

కొబ్బరిచెట్ల నీడలో పేర్చిన రాళ్ళు మెల్లమెల్లగా నల్లబడుతున్నాయి. కోసిన రోజున అవి మీగడలా తెల్లగా ఉండేవి. పగడపు రాయి స్వభావమే అంత. గోడలో కుదురుకుని సున్నం పూసుకుంటే తెల్లగా నిలుస్తుంది. నేలమీద వదిలేస్తే వాన తాగి, నాచు పట్టి, మనిషికన్నా ముందే ముసలిదవుతుంది. దక్షిణపు కుసి గాలి సముద్రం మీంచి వానను మోసుకొచ్చిన ప్రతిసారీ మ్వారింగా పడకమీంచి తల తిప్పి ఆ రాళ్ళను చూస్తాడు. చూసి, దగ్గుతాడు.

ఆ దగ్గూ ఆ రాళ్ళదే. వయసులో ఉన్నంతకాలం అతడు గనిలో రాయి కోశాడు. టౌనులో మసీదు ప్రహరీ, బడి గోడలు, ఒడ్డున వరుసగా నిలిచిన హోటళ్ళు, అన్నిటిలోనూ అతడి చేతి రాయి ఉంది. కోసిన రాయి బయటికి వెళ్ళిపోయింది. లేచిన దుమ్ము లోపలికి వచ్చి కూర్చుంది. ఆసుపత్రిలో ఛాతీకి ఫోటో తీసి, ఊపిరితిత్తులు తెల్లగా కనిపిస్తున్నాయని డాక్టరు చెప్పినప్పుడు మ్వారింగా నవ్వాడు.

"చూశావా జుమ్వా, నా లోపల గోడ లేచిపోయింది. దానికి మాత్రం కౌంటీవాళ్ళని ఎవరూ పర్మిట్ అడగలేదు."

జుమ్వా నవ్వలేదు. ఆమె కొబ్బరాకు తడికలు అల్లే మనిషి. హోటళ్ళ వాళ్ళు వచ్చి కట్టలుకట్టలుగా కొనుక్కుపోతారు. ఎండా వానా పడకుండా ఎందరి నెత్తినో నీడ పరిచిన చేతులు ఆమెవి. తన నెత్తిమీదున్న మట్టిల్లు మాత్రం కిందటి వానల్లో కూలిపోయింది. అప్పటినుంచి భార్యాభర్తలు నాలుగు గుంజల మీద వేసిన తడికల కప్పు కింద ఉంటున్నారు. కప్పు ఎంత దట్టంగా అల్లినా, గాలి అడ్డంగా కొడితే జల్లు లోపలికి వచ్చేస్తుంది. తడి తగిలితే మ్వారింగా దగ్గు ఆగదు.

అతడు కోరింది ఒక్క గది. గనిలో పని అయ్యాక, దొర చూడని వేళ కాదు, దొరనడిగే, తనకోసం ఒక్కొక్క రాయి కోసుకున్నాడు. తోపుడుబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. కిటికీకి ఏ రాయి, గడపకి ఏ రాయి, మూలకి ఏ రాయి అన్నది అతడి కళ్ళకు తెలుసు.

"ఊరందరినీ రాతిగోడల మధ్య పడుకోబెట్టాను. పోయేలోగా నేనూ ఒక్కసారి పడుకోవాలి. వాన గోడమీద పడుతుంటే లోపల ఎలా వినబడుతుందో తెలుసుకోవాలి" అనేవాడు.

మట్టీ తడికలూ అయితే ఎవ్వరూ అడగరు. రాయిమీద రాయి పెడితే కౌంటీ ప్రభుత్వం అనుమతి కావాలి. కొండవాలు దాటి పక్క ఊళ్ళో ఒకతను అనుమతి లేకుండా గోడ లేపితే, ముందు దానిమీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు పడింది; తరువాత పచ్చటి యంత్రం వచ్చి ఒక్క నెట్టుతో పడగొట్టింది. పడిన రాళ్ళు ముక్కలైపోయాయి. ఆ ముక్కలను మ్వారింగా వెళ్ళి చూసివచ్చాడు. అది అతడు నడిచి వెళ్ళిన చివరి ప్రయాణం. వచ్చి, "అవి నేను కోసిన రాళ్ళే" అన్నాడు. "నావి అలా కాకూడదు. అనుమతి తెచ్చాకే పునాది."

అందుకని జుమ్వా కౌంటీ ఆఫీసుకు నడిచింది.

*

ఆఫీసులో ప్లాన్ల గది తలుపు పక్కన బల్ల దగ్గర జుహూరా అనే ఆమె కూర్చుంటుంది. నల్లటి బుయిబుయి అంగీ వేసుకుని, తలమీద ముసుగు సర్దుకుంటూ, మాట్లాడేటప్పుడు కంప్యూటరు వైపు కాకుండా మనిషి వైపు చూసే అలవాటు ఆమెది. ఆ అలవాటు ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదు. అందుకే ఆమె బల్ల ముందు వరుస ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది.

జుమ్వా వెంట ఆడపడుచు న్యేవు కూడా వచ్చింది. న్యేవు మ్వారింగాకు అక్క. ఆ వంశంలో మిగిలిన పెద్ద. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, రెండింటికీ తలుపుల్లేవు.

జుహూరా లేచి, "షికమో, అవ్వా" అని పెద్దావిడకు మర్యాద చేసింది.

"మరహబా, తల్లీ. చల్లగా ఉండు. తొందరగా ఒక ముద్ర కొట్టెయ్, మేం పోయి పునాది తవ్వుకుంటాం."

జుహూరా నవ్వింది. ప్లాను చూసింది. ఒక్క గది, ఒక్క తలుపు, ఒక్క కిటికీ, వెనక ఒక సెప్టిక్ గుంత. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"మరి పట్టా ఏదమ్మా?"

"వస్తుందన్నారు" అంది జుమ్వా.

"ఎప్పుడు?"

"నా పెళ్ళప్పుడు వస్తుందన్నారు."

"దీని పెళ్ళినాటికి నా నోట్లో పళ్ళన్నీ ఉండేవి" అంది న్యేవు, బోసినోరు తెరిచి చూపిస్తూ. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

జుహూరా గొంతు తగ్గించింది. "పట్టా లేకపోతే దారి లేదని కాదు. మీరు తరాలుగా అక్కడే ఉంటున్నారని రుజువు కావాలి. నేనే వచ్చి చూస్తాను. చూసింది రాస్తాను. కమిటీ నమ్మితే ఫైలు కదులుతుంది."

"రుజువా?" అంది న్యేవు. ఆమె ముఖం వెలిగింది. "రా తల్లీ. నీకు కళ్ళు చెదిరే రుజువు చూపిస్తాను."

ఇంటికి పోయే మటాటూ వ్యానులో న్యేవు పాటలు పాడింది. జుమ్వా చాలాకాలం తరువాత ఆ రోజు నవ్వింది.

*

స్థలానికి ఉత్తరాన, మామిడిచెట్టు కింద, కిగాంగోలు నిలబడి ఉంటాయి. పోయిన పెద్దల పేర చెక్కిన కొయ్యలు. గుండ్రటి తల, సన్నటి మెడ, ఒళ్ళంతా త్రికోణపు గాట్లు. ఒకటి తండ్రి, ఒకటి తాత. వాళ్ళ ఎముకలు అక్కడ లేవు. అవి లోతట్టున అడవి పక్కనున్న పాత ఊళ్ళో మట్టిలో ఉన్నాయి. ఎముకలు ఎక్కడైనా ఉంటాయి. మనిషి ఇక్కడ ఉంటాడు. తండ్రి న్యేవు కలలోకి వచ్చి చలేస్తోందన్నాడు. చెక్కేవాడిని పిలిచి కొయ్య నిలబెట్టి, నడుముకు గుడ్డ చుట్టారు. ఒకసారి నిలబెట్టిన కిగాంగోను ఎవరూ కదపరు. చెదలు తిన్నా, వాన నానబెట్టినా, అది పడేదాకా నిలబడుతుంది. కల్లు పోస్తారు, కబుర్లు చెబుతారు, పెళ్ళిళ్ళకు మాట అడుగుతారు.

జుహూరా వచ్చే రోజున న్యేవు తెల్లవారకముందే లేచి ఆ నేల ఊడ్చింది. కొయ్యలకు కొత్త గుడ్డలు చుట్టింది, ఎరుపూ తెలుపూ నలుపూ. చిప్పలో కొబ్బరికల్లు పోసి ముందు పెట్టింది. జుహూరా టేపు పట్టుకున్న మనిషితో వచ్చి, ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగి, కొలతలన్నీ తీసుకున్నాక, న్యేవు ఆమె చెయ్యి పట్టుకుని మామిడిచెట్టు కిందికి తీసుకెళ్ళింది.

"నాన్నా, ఈ పిల్ల కౌంటీ నుంచి వచ్చింది. బాగా చదువుకుంది. నువ్వు ఇక్కడే ఉంటున్నావా అని అడుగుతోంది." జుహూరా వైపు తిరిగింది. "ఇదిగో, ఈయన మా నాన్న. అదిగో, మా తాత. మా వాళ్ళు ఇక్కడ నిలబడ్డాక ఈ నేల ఎవరిదని అడిగే మొగాడు లేడు. ఇది పట్టా కాదా? నీ పట్టా మీద సంతకం చెరిగిపోద్దేమో, మా నాన్న చెరగడు."

"మీ వాళ్ళు ఇక్కడే ఉన్నారా అవ్వా?"

"ఇంకెక్కడుంటారు? ఇక్కడే ఉన్నారు. రాసుకో."

జుహూరా రాసుకుంది. టేపు మనిషి ఫోటోలు తీశాడు. న్యేవు కొయ్యల పక్కన నిటారుగా నిలబడి, గుడ్డల కొసలు సర్ది, ఫోటోకు ముఖం పెట్టింది.

తడికల కింద పడకమీంచి మ్వారింగా అంతా చూశాడు. "అక్క పెళ్ళికూతురిలా నిలబడింది" అన్నాడు దగ్గు మధ్యలో.

*

కమిటీ కూర్చున్నాక జుహూరా కబురు చేసింది. జుమ్వా ఒక్కతే వెళ్ళింది. బల్ల ముందు నిలబడితే జుహూరా ఆమెను కూర్చోమంది. ఆ కుర్చీ చూపించగానే జుమ్వాకు తెలిసిపోయింది. మంచి మాట చెప్పేవాళ్ళు నిలబెట్టే చెబుతారు.

"నేల మీదేనని కమిటీ ఒప్పుకుందమ్మా. ఒక్కరు కూడా కాదనలేదు. అవ్వ చూపించిన రుజువు అంత గట్టిది."

"మరి?"

"మరీ గట్టిదైపోయింది. ఆ కొయ్యలను సమాధులనుకుని మ్యాపు మీద ఆ స్థలాన్ని శ్మశానం కింద చేర్చారు. శ్మశానంలో ఇంటికి అనుమతి ఇవ్వరు."

"మేం ఉంటున్నాం కదమ్మా అక్కడ. వండుకుంటున్నాం, పడుకుంటున్నాం."

"తడికల కింద ఉంటే వాళ్ళ లెక్కలో ఉన్నట్టు కాదు."

"ఒడ్డున హోటళ్ళు కాళ్ళు చాపుకుని సముద్రంలోకే పడుకున్నాయి. వాటికి ఎలా వచ్చిందమ్మా అనుమతి? వాటి కప్పులు నేనే అల్లాను, నాకు తెలియదా?"

జుహూరా చెయ్యి కంప్యూటరు మీదికి వెళ్ళి, ఊరికే వెనక్కి వచ్చింది. "నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని."

తరువాత, తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా అంది. "ఆ కొయ్యల కింద ఎముకలు ఉన్నాయా అమ్మా?"

"లేవు. అవి పాత ఊళ్ళో ఉన్నాయి."

"అలాగైతే అవ్వను రమ్మనండి. అవి ఉత్త కొయ్యలు, అక్కడ ఎవరూ లేరు అని నా ముందు చెబితే చాలు. గుడ్డలూ, కల్లు చిప్పలూ లేకుండా ఉంటే మళ్ళీ వచ్చి చూసి, మ్యాపు సరిచేయమని రాస్తాను. ఇంతకన్నా నా చేతుల్లో లేదు."

*

న్యేవు విని, కాండ్రించి ఉమ్మింది.

"ఉత్త కొయ్యలా? దాని నోట్లో మన్ను పొయ్య. మా నాన్నని కొయ్యని చెప్పాలా?"

"ఆ పిల్ల మీద అరవకు వదినా. దారి చూపించింది. నిజమే కదా, ఎముకలు లేవుగా అక్కడ."

"ఎముకలు లేవని చెప్పమన్నారా వాళ్ళు? మనిషి లేడని చెప్పమన్నారు." న్యేవు కర్రతో నేలను పొడిచింది. "దొంగలు రాత్రుళ్ళు వచ్చి ఎవరెవరి కిగాంగోలో పీక్కుపోయి తెల్లవాళ్ళకి అమ్ముకున్నారు. వాళ్ళు కూడా కొయ్యలే అనుకున్నారు. నేనూ ఆ మాటే అంటే వాళ్ళకీ నాకూ తేడా ఏంటే?"

"తేడా ఉంది. వాళ్ళకి పడకమీద తమ్ముడు లేడు."

న్యేవు నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం జుమ్వా చూడటం అదే మొదటిసారి. గాలి అడ్డంగా కొట్టింది. తడికల కింద మ్వారింగా దగ్గు మొదలైంది, ఆగింది, మొదలైంది. ఆగిన చోట ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

మరునాడు పొద్దెక్కాక న్యేవు మామిడిచెట్టు కిందికి వెళ్ళింది. జుమ్వా వెంట వెళ్ళబోతే వద్దని చెయ్యి ఊపింది. అయినా మాటలు తడికల దాకా వినిపించాయి.

"నాన్నా, ఒక చెడ్డ మాట చెప్పాలి. ముందే చెబుతున్నా, తరువాత కలలోకొచ్చి కొట్టకు. నువ్వు ఇక్కడ లేవని చెప్పబోతున్నా. చిన్నప్పుడు అప్పులవాళ్ళొస్తే నువ్వు మంచం కింద దూరి, నాన్న లేడని చెప్పమనేవాడివి, గుర్తుందా? అలాగే అనుకో. ఈసారి నీ కొడుకు కోసం దూరు."

ఆమె ముడులు విప్పింది. ఎర్రగుడ్డ, తెల్లగుడ్డ, నల్లగుడ్డ. తాత కొయ్య ముడి బిగుసుకుపోతే పంటితో లాగబోయి, పళ్ళు లేవని గుర్తొచ్చి, గోటితో విప్పింది. గుడ్డలు లేని కొయ్యలు చలికి నిలబడ్డ ముసలివాళ్ళలా ఉన్నాయి.

పడకమీంచి మ్వారింగా పిలిచాడు. "అక్కా."

"ఏంట్రా?"

"నాన్న కోప్పడితే నామీదికి తోసెయ్. నేనెలాగూ తొందర్లోనే కనబడతాను. సర్దిచెప్తాను."

"నోరుముయ్యి సన్నాసీ" అని న్యేవు గుడ్డలన్నీ మడిచి, రొమ్ముకు అదుముకుని, కొబ్బరిచెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గానీ రాలేదు.

జుహూరా బల్ల ముందు న్యేవు ఒక్కటే మాట చెప్పింది. "కొయ్యలు." అంతే. షికమో అంటే మరహబా కూడా అనలేదు. వేలిముద్ర వేసి, వేలిని కట్టుగుడ్డకు తుడుచుకుంది. ఇంటికి వెళ్ళాక సున్నపురాయితో రుద్దింది.

జుహూరా వచ్చే శుక్రవారం కాక పై శుక్రవారం వచ్చి చూస్తానంది.

*

మ్వారింగా ఆ శుక్రవారానికి ముందు బుధవారం పోయాడు. వాన పడుతోంది. అతడు వాననే వింటున్నాడని జుమ్వా అనుకుంది. జల్లుకు అడ్డం కట్టిన తడిక సరిచేసి వెనక్కి తిరిగేసరికి వినడం అయిపోయింది.

బంధువులు చేరారు. చాపలు పరిచారు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. వరసైనవాళ్ళు, చావు ఇళ్ళలో వాళ్ళ ఆచారంగా, శవం ముందు చేరి ఎకసెక్కాలు ఆడారు. "లే మ్వారింగా, గనిదొర వచ్చాడు, పని ఎగ్గొట్టి పడుకున్నావేం?" అన్నాడొకడు. "దగ్గు ఏది? దగ్గు లేకుండా నువ్వని ఎలా నమ్మేది?" అన్నాడు ఇంకొకడు. నవ్విన నోళ్ళే ఏడ్చాయి.

ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. జుమ్వా అన్నకొడుకు ఒకడు, టౌనులో ఉండేవాడు, జంకుతూనే నోరు తెరిచాడు. "అత్తా, టౌనులో కౌంటీవాళ్ళ శ్మశానం ఉంది. అక్కడైతే మీ అనుమతికి అడ్డం ఉండదు."

అందరూ జుమ్వా వైపు చూశారు. న్యేవు కూడా చూసింది. ఒకసారి తండ్రిని కాదన్న మనిషి. ఆ తరువాత ఆమె దేనికీ గట్టిగా మాట్లాడటం మానేసింది.

"ఆయన ఇల్లు ఇదే" అంది జుమ్వా. "ఆయన్ని తీసుకెళ్ళి ఎవరి ఊళ్ళోనో పెడతారా?"

మామిడిచెట్టు కింద, తండ్రి కొయ్యకు ఎడంపక్కన గుంత తవ్వారు. వానకు నానిన ఇసుకనేల, అంచులు విరిగి లోపలికి జారుతున్నాయి. తవ్వేవాళ్ళు ఆగి ఏం చెయ్యాలని అడిగారు. జుమ్వా కొబ్బరిచెట్ల కింద నల్లబడుతున్న రాళ్ళ వైపు చెయ్యి చూపింది.

ఒక్కొక్క రాయి దిగింది. మూలకని ఎంచిన రాళ్ళు మూలలకు పోయాయి. కిటికీకని సన్నగా కోసిన రాయి తలవైపు నిలబడింది. గడపరాయి కాళ్ళవైపు అమరింది. సున్నం లేదు, సిమెంటు లేదు. అయినా రాయీ రాయీ మధ్య వేలు దూరలేదు. అంత సరిగ్గా కోసుకున్నాడు.

జుహూరా వస్తానన్న శుక్రవారం అదే. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆమె టేపు మనిషిని తీసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, ఆవరణలోకి అడుగుపెట్టి ఆగిపోయింది. పాట ఆగింది. చాపల మీది ఆడవాళ్ళు ఆమె నల్లని బట్టలు చూసి సంతాపానికి వచ్చిందనుకుని చోటు ఇచ్చారు.

ఆమె చెప్పులు విప్పి, జుమ్వా దగ్గరకు వచ్చి చేతులు పట్టుకుంది. ఏవో మాటలు మెల్లగా అంది. తరువాత ఆమె చూపు మామిడిచెట్టు కిందికి పోయింది. గుడ్డలు లేని కొయ్యలు. వాటి పక్కన నాలుగు వైపులా రాయి కట్టిన గుంత, ఇంకా ఖాళీగా. దేహం ఇంకా తడికల కిందే ఉంది.

టేపు మనిషి నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపింది.

ఫైలు తెరిచింది. ప్లాను మీద వేలు పెట్టింది, ఇంటి వెనక గీసిన చిన్న చతురస్రం మీద. గొంతు జుమ్వాకు తప్ప ఎవరికీ వినబడనంత చిన్నది చేసుకుంది.

"అమ్మా, సెప్టిక్ గుంత తవ్వడం మొదలుపెట్టేశారు కదూ? తొందరపడ్డారు, ఫరవాలేదు. నేను చూసింది అదే అని రాసుకుంటాను. ఇప్పుడే వెళ్ళిపోతాను. ఆయనకు కాకపోయినా మీకు ఒక గది ఉంటుంది. మీరు అవునంటే చాలు."

జుమ్వా ఆమె ముఖంలోకి చూసింది. అందులో మోసం లేదు. ఇంతకాలంగా ఆ ఆఫీసులో ఎవరూ ఇవ్వనిది ఆ పిల్ల తెగించి ఇస్తోంది. వెనక తడికల కప్పు గాలికి లేచి పడుతోంది. రాబోయే వానలన్నీ జుమ్వాకు ఒక్కసారి కళ్ళముందు కనబడ్డాయి. వాటికింద తనొక్కతే, పక్క పడక ఖాళీగా. న్యేవును ఒప్పించడానికి ఆ రోజు తను ఎంత సులువుగా మాట అన్నదో కూడా గుర్తొచ్చింది. ఎముకలు లేవుగా అక్కడ.

కొంచెం దూరంలో న్యేవు నిలబడి ఉంది. ఆమెకు మాటలు వినబడలేదు. కానీ ప్లాను మీద వేలు ఎక్కడుందో చూసింది. తల దించుకుంది.

"కాదమ్మా" అంది జుమ్వా.

"అమ్మా, ఆలోచించండి..."

"అది ఆయన గది. ఆయన కోసుకున్న రాయి. దాన్ని ఆ పేరుతో పిలవలేను. చూసింది చూసినట్టు రాసుకో."

జుహూరా ఫైలు మూసింది. పెన్ను తీయలేదు. చాపమీద ఆడవాళ్ళ మధ్య కూర్చుని, దేహాన్ని దింపేదాకా కదలలేదు. రాళ్ళ మీద మట్టి పడిన చప్పుడు విన్నాక లేచి, ఆవరణ బయట బైకు మీద కూర్చుని రాసింది. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. మ్యాపు మీద ముందే ఉన్న శ్మశానం అన్న మాటను అలాగే ఉంచమని మాత్రమే రాయాలి.

జనం వెళ్ళిపోయాక న్యేవు మడిచి దాచిన గుడ్డలు తెచ్చింది. ఎరుపు, తెలుపు, నలుపు. మొదట తండ్రికి చుట్టింది. ముడి వేస్తూ, "ఉన్నావని ఇప్పుడు ఆఫీసుకు కూడా తెలిసిందిలే" అంది. తరువాత తాతకు. తమ్ముడికి ఇంకా కొయ్య లేదు. కలలోకి వచ్చి అడగాలి.

కొబ్బరిచెట్ల కింద రాళ్ళున్న చోట గడ్డి పసుపుపచ్చగా అణిగి ఉంది. మిగిలిన రాళ్ళు కొన్నే. వాటితో గోడ లేవదు. సముద్రం వైపు మళ్ళీ మబ్బు పట్టింది. జుమ్వా నానబెట్టిన ఆకుల కుప్ప దగ్గర కూర్చుని, ఒక ఆకు తీసి, ఈనె చీల్చి, అల్లడం మొదలుపెట్టింది. కప్పుకు పడమటి మూల, అతడి పడక ఉన్న చోట, కారుతోంది.